మా ఊరి బాట

పొద్దున ఉతికిన బట్టలు దండెం మీద వేస్తే, మధ్యాహ్నానికి మళ్లీ ఉతకాల్సిందే. కాసిపేట మండలంలో కాపురం చేసేవాళ్లకు ఇది కొత్త కాదు. ఇటు బొగ్గు, అటు దేవాపూర్ సిమెంటు. రెండిటి లారీలూ పోయేది మన ఇళ్ల ముందు నుంచే.

మా అత్తమ్మ కొత్త కోడలుగా వచ్చినప్పుడు ఇది ఎడ్లబండ్ల బాటేనట. పిల్లలు బాట మీదే గోలీలు ఆడేవాళ్లట.

1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో కంపెనీకి సింగరేణి పేరు వచ్చింది. ఆ దశాబ్దం చివరికి బెల్లంపల్లిలో బావులు, 1929కి కాజీపేట–బల్లార్షా రైలు. (అది వరంగల్ పక్కనున్న కాజీపేట. ఫోన్లో ఊరి పేరు చెప్పిన ప్రతిసారీ నాకు ఇదే తిప్పలు!) బొగ్గు దూరాలకు పోవడానికి రైలుంది. కానీ బావి నుంచి రైలు దాకా, ఫ్యాక్టరీ నుంచి హైవే దాకా మధ్యలో ఉండేవి ఊళ్లే. బండ్ల కోసం వేసిన బాట మీద టిప్పర్లు తిరిగితే గుంతలు పడక ఏమవుతుంది?

ఈ కోపం ఎంతదాకా పోతుందో 2017 జులైలో సిరిసిల్ల జిల్లా నేరెళ్లలో చూశాం. ఇసుక లారీ కింద పడి ఒక మనిషి చనిపోతే, జనం లారీలు తగలబెట్టారు. తర్వాత పోలీసులు పట్టుకెళ్లినవాళ్లలో దళితులే ఎక్కువ. తమను చిత్రహింసలు పెట్టారని వాళ్లు చెప్పారు. లారీలు తగలబెట్టడం తప్పే అంటాను. కానీ అంతకుముందు ఆ ఊరివాళ్ల మొర ఎవరు విన్నారు?

మా వీధిలో అడిగేది పెద్దదేం కాదు. రోజూ రోడ్డు మీద నీళ్లు చల్లించాలి, బడి వేళల్లో లారీలు ఆపాలి. లారీల మీద బతికే ఇళ్లు మాలోనూ ఉన్నాయి, అందుకే గట్టిగా అరవలేం. నాలుగున్నర అవుతోంది, చిన్నదాన్ని రోడ్డు దాటించాలి.