కౌంటీ కచేరీ మెట్ల మీద

అమెరికాలో దాదాపు ప్రతి కౌంటీలోనూ షెరీఫ్‌ను ఓటర్లే ఎన్నుకుంటారు. మన జిల్లా ఎస్పీలాగా బదిలీ మీద వచ్చే అధికారి కాదు. ఒకప్పుడు ఓటర్ల జాబితాలో పేరు ఎక్కాలన్నా కౌంటీ కచేరీకే వెళ్లాల్సి వచ్చేది. అందుకే దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతి వారి చరిత్రను నేను ఆ కచేరీ మెట్ల మీద నుంచే చూస్తాను. వాషింగ్టన్‌లో చేసిన చట్టాలు బతికినా చచ్చినా అక్కడే.

1867లో కేంద్రం చేసిన చట్టాలతో దక్షిణాదిలో మొన్నటి బానిసలు ఓటర్లయ్యారు. మరుసటి ఏడాదే దక్షిణ కరోలినా దిగువ సభలో నల్లవారిదే మెజారిటీ. అదే 1868లో జార్జియా శాసనసభ, ఓటు హక్కు ఉంది గాని పదవి హక్కు లేదంటూ గెలిచి వచ్చిన నల్ల సభ్యులను బయటికి గెంటేసింది. లూసియానాలో నల్లజాతి నేత పించ్‌బ్యాక్ ముప్ఫై అయిదు రోజులు గవర్నర్‌గా ఉన్నారు. ఆ రాష్ట్రంలోనే 1873 ఈస్టర్ నాడు, కోల్‌ఫ్యాక్స్ న్యాయస్థాన భవనాన్ని కాపాడుకుంటున్న నల్లవారిని పదుల సంఖ్యలో చంపారు. తగవు ఎక్కడో ఢిల్లీ లాంటి రాజధాని గురించి కాదు. స్థానిక జడ్జి ఎవరు, షెరీఫ్ ఎవరు అన్నదే.

1877 తర్వాత కేంద్ర సైన్యం అండ పోయింది. 1890లో మిసిసిపీ కొత్త రాజ్యాంగం రాసుకుంది. రెండు డాలర్ల ఓటు పన్ను కట్టాలి. రాజ్యాంగంలో ఒక భాగం చదవాలి, లేదా చదివి వినిపిస్తే అర్థం చెప్పాలి. అర్థం సరిపోయిందో లేదో తేల్చేది రిజిస్ట్రార్. ఒక్క గుమస్తా తల అడ్డంగా ఊపితే ఒక పౌరుడి హక్కు పోయేది! 1898 నవంబరులో ఉత్తర కరోలినాలోని విల్మింగ్టన్‌లో ఆ ముసుగు కూడా లేదు. సాయుధ మూక నల్లవారి పత్రికాఫీసు తగలబెట్టి, మేయర్ చేత, కౌన్సిల్ సభ్యుల చేత బలవంతంగా రాజీనామాలు చేయించింది.

అలబామాలోని లౌండ్స్ కౌంటీ దగ్గర కాసేపు ఆగాలి. 1965 మొదట్లో అక్కడి జనాభాలో నూటికి ఎనభై మంది నల్లవారు. ఓటర్ల జాబితాలో వారి పేరు ఒక్కటీ లేదు. ఆ మార్చిలో పేరెక్కించుకున్న మొదటివారిలో జాన్ హ్యూలెట్ ఒకరు. ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం వచ్చింది. పేరు నమోదు చేయించుకున్న కౌలు కుటుంబాల చేత భూస్వాములు ఇళ్లు ఖాళీ చేయించారు. వాళ్లు రహదారి పక్కన గుడారాలేసుకుని ఉన్నారే గాని వెనక్కి తగ్గలేదు. ఎన్నికల గుర్తు విలువ మనకు తెలుసు. చదువు రానివారికి అదే అక్షరం. అప్పట్లో అలబామా డెమోక్రాట్ల గుర్తు తెల్ల కోడిపుంజు. దశాబ్దాల పాటు దాని పక్కన శ్వేతజాతి ఆధిపత్యం అన్న మాటలు అచ్చేశారు. హ్యూలెట్ వాళ్లు తమ సొంత పార్టీకి నల్ల చిరుతపులిని ఎంచుకున్నారు. 1966లో అన్ని పదవులకూ ఓడిపోయారు. 1970లో హ్యూలెట్ షెరీఫ్‌గా గెలిచారు, ఇరవై రెండేళ్లు ఆ పదవిలో ఉన్నారు. ఈ మొత్తం చరిత్రలో నాకు అన్నిటికన్నా పెద్ద గెలుపు ఇదే.

తర్వాతి మెట్లు నల్లవారు త్వరగా ఎక్కారు. 1973లో అట్లాంటా మేయర్‌గా మేనార్డ్ జాక్సన్, 1989లో వర్జీనియా గవర్నర్‌గా బానిసల మనవడు డగ్లస్ వైల్డర్ గెలిచారు. 2013లో మాత్రం అలబామాలోని షెల్బీ కౌంటీ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆ 1965 చట్టానికి ఉన్న ముఖ్యమైన కాపలాను తీసేసింది.

2023 జనవరిలో మేరీలాండ్ రాజధాని అనాపొలిస్‌లో నల్లజాతి నేత వెస్ మూర్ గవర్నర్ అయ్యారు. అదే రాష్ట్రంలో బానిసగా పుట్టిన ఫ్రెడరిక్ డగ్లస్ బైబిలు మీద చెయ్యి వేసి ప్రమాణం చేశారు. ఆ వేదిక మీదే భగవద్గీత సాక్షిగా లెఫ్టినెంట్ గవర్నర్ అయిన అరుణా మిల్లర్ మన హైదరాబాదులో పుట్టారు. రాజకీయాల్లోకి రాకముందు ఆమె మాంట్‌గోమరీ కౌంటీ రవాణా శాఖలో ఇంజనీరు.