గిద్ద, కప్పు, గ్రాము

240 మిల్లీలీటర్ల కప్పు నిండా నీళ్లు పోసి తూస్తే దాదాపు 240 గ్రాములు తూగుతాయి. అదే కప్పులో పంచదార 200 గ్రాములకు అటూఇటూ వస్తుంది. మైదా అయితే 120 దగ్గరే ఆగిపోతుంది, తేనె 340 దాకా వెళుతుంది. ఒక్కో పదార్థం సాంద్రత ఒక్కోలా ఉండడం, గింజల మధ్య, పిండి రేణువుల మధ్య ఇరుక్కున్న గాలి ఒక్కో సరుకులో ఒక్కో మేరకు ఉండడం దీనికి కారణాలు. అందుకే కొలతను తూకంలోకి మార్చడానికి అన్నిటికీ పనికొచ్చే అంకె ఒకటంటూ లేదు.

తెలుగునాట పాత వర్తకానికి ఈ సంగతి బాగా తెలుసు. ధాన్యం, బియ్యం, పప్పులు కొలిచి ఇచ్చేవారు. బెల్లం, చింతపండు, మిరపకాయలు తూచి ఇచ్చేవారు. కొలతల్లో నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. తూకాల్లో 24 తులాలు శేరు, ఐదు శేర్లు వీశె. వీశె అంటే ఇప్పటి లెక్కలో సుమారు 1400 గ్రాములు. గింజలు పాత్రలో వాటంతటవే సర్దుకుంటాయి కాబట్టి కొలత నడిచింది. చింతపండు ఎంత అదిమితే అంత పడుతుంది, దానికి తక్కెడ తప్పదు. ఎంతో ఆలోచించి చేసిన విభజన ఇది. అయినా మానికను గోపురంలా పోస్తే ఒక లెక్క, అంచుకు సమంగా పోస్తే మరో లెక్క అయ్యేది.

ఈ చిక్కునే అమెరికాలో ఫానీ ఫార్మర్ పట్టుకున్నారు. ఇంగ్లండు వంటిళ్లలో తక్కెడ స్థిరపడగా, అమెరికాలో కప్పు, చెంచా వాడుకలోకి వచ్చాయి. టీకప్పుడు, కోడిగుడ్డంత వెన్న అనే రాతలకు అంతే లేదు. బోస్టన్ వంటల పాఠశాలను నడిపిన ఫార్మర్ 1896లో తన వంటల పుస్తకం వెలువరించారు. పిండిని ముందు జల్లించాలి, చెంచాతో కప్పులోకి కాస్త ఎత్తుగా వేయాలి, కప్పును కుదపకూడదు, కత్తితో పైన చదునుగా గీసేయాలి. ఆమె పెట్టిన నియమం ఇదీ. కుదిపితే పిండి దిగిపోయి, ఎక్కువ పిండి పడుతుంది. జల్లించకుండా డబ్బాలో ముంచి తీస్తే కప్పు మైదా 150 గ్రాముల దాకా తూగవచ్చు. కేకు గట్టిపడడానికి ఆ 30 గ్రాములు చాలు.

కప్పు నింపే తీరు కుదిరినా, కప్పు మాత్రం అన్నిచోట్లా ఒకటి కాలేదు. అమెరికాది సుమారు 237 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాది 250, జపాన్‌ది 200. జపాన్‌లో బియ్యానికి వేరే కొలత ఉంది. దాని పేరు గో, 180 మిల్లీలీటర్లు. అందులో బియ్యం సుమారు 150 గ్రాములు పడతాయి. ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్‌తో పాటు వచ్చే చిన్న కప్పుకు మూలం అదే. తెలుగు ఇళ్లకూ అది ఆ దారినే వచ్చింది.

మనదేశంలో 1956 చట్టంతో మెట్రిక్ పద్ధతికి పునాది పడింది. 1958 అక్టోబరు నుంచి కిలో అమల్లోకి వచ్చింది. క్రమంగా బియ్యం కూడా తూకానికే మారాయి. అంగట్లో కిలో, ఇంట్లో గ్లాసు అన్న తేడా మాత్రం మిగిలింది. వంటపుస్తకంలో కప్పు అని కనిపిస్తే అది ఏ దేశపుదో ముందు చూడండి. ఇంట్లో రోజూ వాడే గ్లాసుతో బియ్యం, మినప్పప్పు, గోధుమపిండి విడివిడిగా ఒక్కసారి తూచి, ఆ అంకెలు వంటింట్లో రాసిపెట్టుకోండి.