గోపాల్ మంచివాడే, మరి రాఖాల్?

పిల్లల మొదటి పుస్తకాన్ని సమీక్షించేటప్పుడు నేను రెండే చూస్తాను. అక్షరాలు సులువుగా పట్టుబడతాయా? ఎదురు ప్రశ్న వేసే పిల్లలకు అందులో చోటుందా?

ఈశ్వరచంద్ర విద్యాసాగర్ 1855లో రాసిన బెంగాలీ వాచకం ‘వర్ణపరిచయ్’కి మొదటిదాంట్లో నూటికి నూరు వేస్తాను. వాడుకలో లేవని ౠ, ౡలను అక్షరమాల నుంచి తీసేశారాయన. సంస్కృత పండితుడై ఉండి కూడా పిల్లల పక్షాన నిలిచారు. చిన్నప్పుడు పలక మీద ౡ దిద్దిన నేను, ఆ తర్వాత దాన్ని ఏ తెలుగు మాటలోనూ చూడలేదు!

రెండోదాని దగ్గరే పేచీ. అందులో గోపాల్ అమ్మానాన్నలు ఏం చెబితే అది చేస్తాడు, కాబట్టి మంచివాడు. రాఖాల్ మాట వినడు, చదవడు. వాడిలా ఉండకూడదన్నది పాఠం. కానీ అదే 1855లో విద్యాసాగర్ వితంతు వివాహాలను సమర్థిస్తూ రెండు పుస్తకాలు రాసి, సమాజంలోని ఎందరో పెద్దలకు ఎదురు నిలిచారు. 1856లో చట్టం వచ్చింది. చిన్నతనంలో ఆయన గోపాల్ కన్నా రాఖాల్‌కే దగ్గరని టాగోర్ రాశారు కూడా.

బడి ఎగ్గొట్టమని నేననను. కానీ చెప్పినట్టు వినడమే మంచితనమని మొదటి పుస్తకంలోనే నేర్పితే, ‘ఎందుకు?’ అని అడగడం ఎప్పుడు నేర్పుతాం? పిల్లలకు పుస్తకం కొనేముందు ఒకసారి వెతకండి: ‘ఎందుకు?’ అన్న పిల్ల అందులో ఉందా? ఉంటే, చివరికి ఆ పిల్లకి దొరికింది జవాబా, చీవాట్లా?