బెక్కారియా కూతురు, మాంజోని తల్లి

నటాలియా గింజ్‌బర్గ్ 1983లో వెలువరించిన 'మాంజోని కుటుంబం' చేతికి వచ్చినప్పుడు, ఇటలీ జాతీయ నవలాకారుడి జీవితచరిత్ర చదవబోతున్నాననుకున్నాను. తీరా పుస్తకం తెరిస్తే మొదటి అధ్యాయానికి ఆయన పేరు లేదు, ఆయన తల్లి పేరుంది: జూలియా బెక్కారియా. సాహిత్యచరిత్రలు ఆమెను రెండే రెండు మాటల్లో పరిచయం చేసి వదిలేస్తాయి. చిత్రహింసను, మరణశిక్షను ఖండించి యూరప్‌ను కదిలించిన చెజారే బెక్కారియాకు కూతురు; అలెస్సాండ్రో మాంజోనికి తల్లి. ఒక మహాగ్రంథానికీ మరొక మహాగ్రంథానికీ నడుమ వంతెనలాంటి మనిషి. వంతెన మీదుగా నడిచిపోయేవారు దాని కింద ఏముందో చూడరు. గింజ్‌బర్గ్ చూసింది. ఆ పుస్తకం పుణ్యమా అని బెక్కారియాను, వెర్రి సోదరులను, మాంజోనిని మళ్ళీ చదివాను. ఆ చదువులో నాకు తోచిన విషయాలు కొన్ని ఇక్కడ పంచుకుంటాను.

కథ ఆస్ట్రియా ఏలుబడిలో ఉన్న మిలాన్ నగరంలో మొదలవుతుంది. 1761లో ఇరవై రెండేళ్ళ యువ ప్రభువు చెజారే బెక్కారియా, తెరేసా బ్లాస్కో అనే సైనికాధికారి కూతురిని ప్రేమించి పెళ్ళాడాడు. వంశమర్యాదకు తగని సంబంధమని తండ్రి మండిపడ్డాడు. అధికారుల సాయంతో కొడుకును కొంతకాలం గృహనిర్బంధంలో పెట్టించాడు. అయినా పెళ్ళి ఆగలేదు. జ్యేష్ఠుడిగా రావలసిన హక్కులు వదులుకుని ఆ జంట ఇబ్బందులతో కాపురం పెట్టింది. చివరికి ఒక స్నేహితుడు పూనుకుని, భార్యాభర్తలను పెద్దాయన ఎదుట నిలబెట్టి, కన్నీళ్ళతో కూడిన నాటకీయమైన సన్నివేశం ఒకటి నడిపించి రాజీ కుదిర్చాడు. 1762లో జూలియా పుట్టింది.

ఆ స్నేహితుడు పియెత్రో వెర్రి. ఇంటిపేరు తెలుగు చెవికి వింతగా తోచినా, ఆనాటి మిలాన్‌లో అంతటి వివేకి మరొకడు లేడు. అతని ఇంట్లో ప్రతి సాయంత్రం పాతికేళ్ళు అటూ ఇటూ వయసున్న కొందరు యువకులు చేరేవారు. వాదన ముదిరితే చేతులు కలబడేదాకా పోతుందన్న పరిహాసంతో తమ బృందానికి 'పిడికిళ్ళ పరిషత్తు' అనే పేరు ఖాయం చేసుకున్నారు. 1764 నుంచి 1766 దాకా 'ఇల్ కఫే' అనే పత్రిక నడిపారు. పది రోజులకొకసారి వెలువడే ఆ పత్రిక మిలాన్ వారిదే అయినా, సెన్సారు కళ్ళు తప్పించడానికి వెనిస్ ఏలుబడిలోని బ్రెష్యాలో అచ్చయ్యేది. దేమెత్రియో అనే గ్రీకు దేశస్థుడు నడిపే కాఫీ దుకాణంలో జరిగే సంభాషణలుగా దాన్ని కల్పించారు. వ్యాపారం, చట్టం, భాష, వ్యవసాయం అన్నీ అందులో చర్చకు వచ్చాయి. మశూచికి టీకా వేయించుకోవడం మేలని పియెత్రో అందులో సుదీర్ఘంగా వాదించాడు. జెన్నర్ ఆవుమశూచి టీకాకు మూడు దశాబ్దాల ముందు, రోగి పొక్కులోని రసిని ఆరోగ్యవంతుడి చర్మం కిందికి ఎక్కించే పద్ధతి అది. వైద్యుడిగా ఆ సంగతి నన్ను ప్రత్యేకంగా ఆకర్షించింది.

బెక్కారియా పుస్తకం 'నేరాలు, శిక్షలు' ఆ గదిలోనే రూపు దిద్దుకుంది. బెక్కారియా స్వభావరీత్యా బద్ధకస్తుడు, సంకోచి. అంశం అందించి వెంటపడి రాయించినవాడు పియెత్రో. ఖైదీల బాగోగులు చూసే పదవిలో ఉన్న పియెత్రో తమ్ముడు అలెస్సాండ్రో వెర్రి, చెరసాలల్లో ఏం జరుగుతుందో కళ్ళకు కట్టినట్టు చెప్పేవాడు. 1764లో లివోర్నోలో రచయిత పేరు లేకుండా అచ్చయిన ఆ చిన్న పుస్తకాన్ని ఫ్రెంచిలోకి అనువదించారు; వోల్తేర్ దానికి వ్యాఖ్య రాశాడు; 1766లో చర్చి దాన్ని నిషిద్ధగ్రంథాల పట్టికలో చేర్చింది. 1786లో టస్కనీ రాజ్యం మరణశిక్షను పూర్తిగా రద్దు చేసిందంటే, దాని వెనుక ఈ పుస్తకపు ప్రభావం ఉంది.

ఆ గ్రంథంలో అంతగా ప్రస్తావనకు రాని ఒక అధ్యాయం ఉంది, కుటుంబభావన గురించి. అక్కడ బెక్కారియా ఒక లెక్క వేస్తాడు. లక్షమంది జనం, ఇంటికి అయిదుగురు చొప్పున ఇరవై వేల కుటుంబాలు అనుకోండి. సమాజమంటే కుటుంబాల సమాహారమని నిర్వచిస్తే, అందులో ఇరవై వేలమంది స్వతంత్రులు, ఎనభై వేలమంది బానిసలు ఉంటారు. సమాజమంటే వ్యక్తుల సమాహారమని నిర్వచిస్తే, లక్షమంది పౌరులుంటారు, బానిస ఒక్కడూ ఉండడు. దేశం గణతంత్రమైనా, ఇంటి యజమాని నిరంకుశుడైతే ఆ గణతంత్రం చిన్నచిన్న రాచరికాల గుంపే అవుతుందని అతని వాదం. తండ్రి అధికారపు రుచి స్వయంగా చూసిన యువకుడి అనుభవం ఆ అంకెల వెనుక ఉంది. అప్పటికి జూలియాకు రెండేళ్ళు.

పదేళ్ళు గడిచాయి. 1774 మార్చిలో తెరేసా చనిపోయింది. సుఖవ్యాధితో చాలాకాలం తీసుకుని తీసుకుని కన్నుమూసింది. ఆ రోజుల్లో దానికి ఉన్న చికిత్స పాదరసం. అది రోగాన్ని ఎంత బాధించేదో రోగిని అంతకన్నా ఎక్కువ బాధించేది. బెక్కారియా గుండె పగిలేలా ఏడ్చాడు. మూడు నెలలు నిండకముందే, జూన్‌లో, మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. పన్నెండేళ్ళయినా నిండని జూలియాను మిలాన్‌లోని కన్యాస్త్రీల మఠంలో చేర్చాడు. చేర్చి, మరచిపోయాడు. ఆమె అక్కడ సుమారు ఆరేళ్ళు ఉంది. అతనప్పుడు దిక్కులేనివాడు కాదు. అర్థశాస్త్రంలో ఆచార్యపదవి చేసి, ప్రభుత్వంలో ఉన్నతాధికారిగా ఉన్నాడు. యూరప్ అంతా అతన్ని మానవతకు మారుపేరుగా కీర్తిస్తూ ఉంది.

తల్లిలేని ప్రభువంశపు ఆడపిల్లను మఠంలో ఉంచడం ఆ కాలపు ఆచారమే కదా అనవచ్చు. కానీ అదే కాలంలో, అదే ఊళ్ళో, అది అన్యాయమని గుర్తించినవాడు ఒకడున్నాడు. ఈసారి కూడా పియెత్రో వెర్రియే. కీర్తి పంపకం దగ్గర మిత్రులిద్దరికీ చెడి అప్పటికి చాలా ఏళ్ళయింది. అయినా జూలియాను బయటికి తేవాలని అతను పట్టుబట్టాడు. ఆ పియెత్రో 1777లో తన పసికూతురి కోసం, తాను బతికి ఉండకపోతే పెద్దయ్యాక చదువుకోవాలని, హితవచనాలతో ఒక పుస్తకం రాసిపెట్టాడు. ఒకే బృందం, ఒకే భావాలు, ఇద్దరు తండ్రులు!

1780లో జూలియా ఇంటికి వచ్చింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల, అందం, చురుకుదనం, తల్లి నుంచి వచ్చిన మొండితనం. వెర్రి సోదరుల్లో చిన్నవాడైన జొవాన్నితో ప్రేమలో పడింది. అతనికి పెళ్ళాడే ఉద్దేశం లేదు. గుసగుసలు మొదలయ్యాయి. పెద్దలు కూడబలుక్కుని 1782లో పియెత్రో మాంజోని అనే లెక్కో ప్రాంతపు భూస్వామికి ఇచ్చి పెళ్ళి చేశారు. వరుడికి నలభై ఆరు, వధువుకు ఇరవై. ఈ సంబంధం కుదర్చడంలో పియెత్రో వెర్రికీ పాత్ర ఉంది. మఠం తలుపు తెరిపించిన చెయ్యే మరో తలుపు మూసింది. ఆ ఇంట్లో పెళ్ళికాని ఆడపడుచులు, మతాధికారి అయిన మరిది, నిశ్శబ్దం. 1785 మార్చి 7న అలెస్సాండ్రో పుట్టాడు. అసలు తండ్రి జొవాన్ని వెర్రి అని ఊరంతా అనుకుంది. చరిత్రకారుల్లోనూ ఎక్కువమంది అలాగే భావిస్తారు. డాన్ పియెత్రో మాత్రం నోరెత్తలేదు. బిడ్డకు తన పేరిచ్చాడు, చివరికి ఆస్తీ ఇచ్చాడు. వెలుగు యుగపు మేధావులెవరూ కాని ఈ మందకొడి మనిషి ఔదార్యాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇక్కడినుంచి కథ మనల్ని ఇబ్బంది పెడుతుంది. మఠంలో మగ్గిన పిల్ల తల్లయ్యాక ఏం చేసింది? పసివాణ్ణి పాలదాది దగ్గరికి పల్లెకు పంపింది. ఆరేళ్ళ వయసులో మతగురువులు నడిపే వసతి పాఠశాలలో దించింది. 1792లో భర్తతో విడిపోయి, తరువాత కార్లో ఇంబొనాతి అనే సంస్కారవంతుడైన ప్రభువుతో కలిసి పారిస్ వెళ్ళిపోయింది. కొడుకు పధ్నాలుగేళ్ళ పాటు తల్లి లేకుండానే పెరిగాడు.

పారిస్‌లో ఆమె జీవితం వికసించింది. విప్లవకాలంలో మరణించిన తత్త్వవేత్త కొందొర్సే భార్య సోఫీ, ఆమె సహచరుడు ఫొరియెల్, వైద్యుడూ తత్త్వవేత్తా అయిన కబానీ, వీరంతా ఒక సాహితీ కుటుంబంలా మెలిగేవారు. బెక్కారియా కూతురన్న మాటే అక్కడ ఆమెకు ప్రవేశపత్రం. తన్ను మరచిన తండ్రి పేరే తనకు గౌరవం తెచ్చిపెట్టిందన్న సంగతి ఆమె మనసులో ఎలా మెదిలిందో!

1805 మార్చిలో ఇంబొనాతి హఠాత్తుగా చనిపోయాడు. ఆస్తి, మిలాన్ శివారులోని బ్రుజూల్యో ఎస్టేట్‌తో సహా, జూలియాకు రాసి పోయాడు. ఆ వేసవిలో ఇరవై ఏళ్ళ అలెస్సాండ్రో పారిస్ చేరాడు. తల్లీకొడుకులు నిజంగా కలుసుకున్నది అప్పుడే. ఎలాంటి నిష్ఠూరమూ లేదు. తల్లి దుఃఖాన్ని తన దుఃఖంగా చేసుకుని, ఆమె ప్రియుడి స్మృతికి ఒక కావ్యం రాశాడు. మరుసటి ఏడు అది అచ్చయింది. ఆ తరువాత ముప్ఫై ఆరేళ్ళు, 1841లో ఆమె మరణించేదాకా, ఇద్దరూ దాదాపు విడిపోలేదు. 1808లో కోడలు ఎన్రికెత్తా బ్లొందెల్ వచ్చింది. 1810లో ఆ ఇంటిల్లిపాదీ కాథలిక్ విశ్వాసానికి మరలింది. నాస్తికుల గోష్ఠిలో మెలిగిన జూలియా జపమాల చేతబట్టి, పుట్టిన పదిమంది మనవలకూ నాయనమ్మ అయింది.

తాతగారి పుస్తకం మనవడిలో ఏమైంది? మాంజోని మహానవల 'ఇ ప్రొమెస్సి స్పోజి'లో జెర్త్రూదే అనే పాత్ర ఉంది. పుట్టకముందే తండ్రి ఆమెను మఠానికి నిర్ణయిస్తాడు. ఆడుకోవడానికి కన్యాస్త్రీల వేషం వేసిన బొమ్మలే ఇస్తాడు. ఆ పాత్రకు ఆధారం పదిహేడో శతాబ్దపు చరిత్రలో ఉంది. అయినా తండ్రి చూపుకోసం తపించే ఆ పిల్ల మనసును అంత దగ్గరగా రాసినవాడి పక్క గదిలోనే ఆరేళ్ళు మఠంలో గడిపిన తల్లి ఉండేదని తెలిశాక, ఆ పుటలు ఇదివరకటిలా చదవలేం.

నవల చివరి ముద్రణకు అనుబంధంగా ఆయన 'కళంక స్తంభ చరిత్ర' చేర్చాడు. 1630లో మిలాన్‌లో ప్లేగు చెలరేగినప్పుడు, గోడలకు విషపు లేపనం పూసి రోగం వ్యాపింపజేస్తున్నారని పియాత్సా అనే ఆరోగ్యశాఖ ఉద్యోగినీ, మోరా అనే క్షురకుణ్ణీ పట్టుకుని, చిత్రహింసతో ఒప్పించి చంపారు. మోరా ఇల్లు కూల్చి అక్కడ ఒక స్తంభం నిలిపారు. ఆ కేసునే ఆధారంగా తీసుకుని పియెత్రో వెర్రి చిత్రహింసను ఖండిస్తూ 1777లో పుస్తకం రాశాడు. కానీ తండ్రి మిలాన్ సెనేట్‌లో ప్రముఖుడు, చిత్రహింసను సమర్థించినవాడు. ఆ పుస్తకం పియెత్రో పోయాక 1804లో గాని వెలుగు చూడలేదు. అక్కడా తండ్రే అడ్డు! తప్పు ఆ కాలపు అజ్ఞానానిదీ, చట్టానిదీ అన్నాడు వెర్రి. మాంజోని ఒప్పుకోలేదు. ఆ చట్టాలతోనే, ఆ అజ్ఞానంలోనే, న్యాయమూర్తులు సత్యాన్ని చూడగలిగి ఉండేవారు, చూడకూడదనుకున్నారు, కనుక బాధ్యత వారిది అన్నాడు.

ఆ తీర్పును మాంజోని తన ఇంటికి వర్తింపజేయలేదు. మనం వర్తింపజేస్తే బెక్కారియా తప్పించుకోలేడు; ఆ కాలంలోనే పియెత్రోకు కనిపించింది అతనికి కనిపించకపోలేదు. జూలియా కూడా పూర్తిగా తప్పించుకోలేదు, ఆమెకున్న దారులు ఎంత ఇరుకైనవో తెలిసినా. చివరికి మాంజోని సైతం. ఆయన చిన్నకూతురు మతిల్దె క్షయతో టస్కనీలో అక్క ఇంట ఉండి, ఒక్కసారి వచ్చి చూసిపొమ్మని తండ్రికి ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాసింది. ఇదిగో వస్తున్నాననే బదులిచ్చేవాడు. ఆమె చివరి రోజుల్లో రాలేదు. 1856లో, ఇరవై ఆరేళ్ళు నిండకుండానే, ఆమె వెళ్ళిపోయింది. మన సంస్కర్తల జీవితచరిత్రలను ఇంటి ఆడవాళ్ళ వైపునుంచి చదవడానికి ప్రయత్నించినవారికి ఈ బాధ కొత్తది కాదు.

గింజ్‌బర్గ్ ఇవేవీ వ్యాఖ్యానించదు. ఉత్తరం వెనుక ఉత్తరం పేర్చి, పొడి మాటల్లో సంగతి చెప్పి ఊరుకుంటుంది. పిడికిళ్ళ పరిషత్తును మరీ తొందరగా దాటేయడం ఈ గ్రంథంలో నాకు కనిపించిన లోటు. బెక్కారియా ఏం రాశాడో తెలియని పాఠకుడికి అతను చేసినదాని బరువు అందదు. కానీ ఆమె ఎవరినీ ద్వేషించకుండా రాయడం నాకు ఆశ్చర్యం కలిగించింది. ఆమె భర్త లియోనె 1944లో నాజీల ఆక్రమణలో ఉన్న రోమ్ చెరసాలలో, చిత్రహింసల ఫలితంగా మరణించాడు. బెక్కారియా పుస్తకం విలువ ఆమెకు ఒకరు చెప్పవలసిన అవసరం లేదు. అయినా ఆమె కథ మొదలుపెట్టింది ఆ పుస్తకంతో కాదు, ఆ ఇంట్లోని అమ్మాయితో. లక్షమంది లెక్కలో బెక్కారియా మరచిన ఆ ఒక్కరితో.