ట్రెలానీ – ఒక ఇంటిపేరు చరిత్ర



ఇంటిపేరు మనకు పుట్టుకతోనే వస్తుంది. దానితోపాటు మంచిపేరు కూడా వస్తుందా? ట్రెలానీ అనే ఇంటిపేరు చరిత్రలో ఈ సంగతి చూద్దాము.

ఇంగ్లాండుకు నైరుతి కొసన, సముద్రంలోకి చొచ్చుకొనిపోయిన ప్రాంతము కార్న్‌వాల్. అక్కడివారి పూర్వపు భాష ఇంగ్లీషు కాదు, కార్నిష్. ఆ భాషలో ‘ట్రె’ అంటే పొలముతో కూడిన ఇల్లు, చిన్న పల్లె. ‘పోల్’ అంటే మడుగు, ‘పెన్’ అంటే తల లేక కొన. ఈ మాటలతో మొదలయ్యే ఇంటిపేరు వింటే కార్న్‌వాల్ మనిషని గుర్తుపడతారు. ఆల్టర్నన్ అనే ఊరి పరిధిలో ట్రెలానీ ఒక చోటు. అక్కడ కాపురమున్నవారికి ఆ చోటి పేరే ఇంటిపేరయింది.

ఆ వంశములో 1650లో పుట్టిన జోనతాన్ ట్రెలానీ బ్రిస్టల్‌కు బిషప్పు అయ్యారు. 1688లో రెండవ జేమ్స్ రాజు, మతానికి సంబంధించిన చట్టాలను ఒక ప్రకటనతో నిలిపివేసి, దానిని చర్చిలలో చదవాలని ఆజ్ఞాపించాడు. పార్లమెంటు చేసిన చట్టాలను నిలిపే అధికారము రాజుకు లేదని ఏడుగురు బిషప్పులు విన్నపము వ్రాసి ఇచ్చారు. వారిలో ట్రెలానీ ఒకరు. రాజు వారిని లండన్ టవర్‌లో ఖైదు చేయించాడు. జూన్ 30న జ్యూరీ వారిని నిర్దోషులని తేల్చింది. ఆ ఇంటిపేరు మీద 19వ శతాబ్దములో ఆర్. ఎస్. హాకర్ వ్రాసిన పాటను కార్న్‌వాల్ ప్రజలు నేటికీ తమ జాతీయగీతమువలె పాడుకుంటారు.

ఇదే పేరు సముద్రము దాటింది. 1770లో జమైకా దీవిలో కొత్తగా ఏర్పడిన ఒక జిల్లాకు, అప్పటి గవర్నరు విలియం ట్రెలానీ పేరు పెట్టారు. ఆయనదీ ఆ వంశమే. ఆ జిల్లాలోని చెరకు తోటలలో, ఆఫ్రికా నుండి తెచ్చిన ప్రజలు, వారి సంతానము కొరడా దెబ్బల క్రింద బానిసలై చాకిరి చేశారు. ఒకచోట రాజుకు ఎదురు నిలిచిన పేరు, మరొకచోట సంకెళ్ల నేలకు పేరయింది.

అయితే కథ అక్కడితో ఆగలేదు. ఆ జిల్లా ముఖ్యపట్టణము ఫాల్మత్. అక్కడ బాప్టిస్టు మిషనరీ విలియం నిబ్ బానిసత్వానికి విరోధముగా పోరాడారు. 1838 జూలై 31 అర్ధరాత్రి దాటగానే బానిసలకు పూర్తి విడుదల కలిగింది. ఆ వేళ ఆయన సంఘము కొరడాను, సంకెళ్లను శవపేటికలో పెట్టి పాతిపెట్టింది.

ప్రియులారా, ఒకే ఇంటిపేరు. బిషప్పు ధైర్యము గవర్నరును కడగలేదు, తోటల పాపము బిషప్పును మరుగుచేయలేదు. మన పిల్లలకు మనము ఇంటిపేరు ఇవ్వగలము గాని మంచిపేరును రాసి ఇవ్వలేము. దానిని ఎవరికి వారే సంపాదించుకోవాలి. సామెతలు 22:1 మీ కుటుంబముతో కలిసి చదువుకొనుడి.

ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.