కవిలె నుండి కంప్యూటరు వరకు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల పూర్వచరిత్ర వ్రాయబూనినవారు ముందుగా చూడవలసినవి కైఫియత్తులు. కైఫియత్తు అనగా ఒక గ్రామమును గూర్చి ఆ గ్రామపు కరణము వ్రాయించిన వృత్తాంతము. ఊరెట్లు వెలసినది, చెరువెవరు త్రవ్వించిరి, గుడికెంత మాన్యము కలదు, ఏ ప్రభువు తరువాత ఏ ప్రభువు వచ్చెను - ఇవియన్నియు అందుండును. వీనిలో కొన్ని పెద్దల నోటిమాటలు. కాని చాలచోట్ల కరణము తన యింట తరతరములుగా దాచిన కవిలెను చూచియే చెప్పెను.

కవిలె గ్రామపు లెక్కలకు మూలప్రతి. ఆకులు శిథిలమైనపుడు కరణము దానిని క్రొత్త ఆకులపైకి ఎత్తి వ్రాసెడివాడు. సర్కారుకు పంపు పట్టీకిని, సరిహద్దు తగవులలో చెప్పు సాక్ష్యమునకును ఆధారమదియే. భూమి చేయి మారినచో ముందు కవిలెను దిద్దవలెను. నకలును మాత్రము దిద్ది కవిలెను వదలినచో, మరుసటి నకలులో పాత తప్పే మరల తల యెత్తును.

1800లో నైజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి అప్పగించెను. ఆ తరువాతి యేండ్లలో సర్వే అధికారియైన కాలిన్ మెకంజీ తరఫున తెలుగువారే ఊరూర తిరిగి కైఫియత్తులు సేకరించిరి. ఈ పనికి దారి చూపిన కావలి వెంకట బొర్రయ్య 1803లోనే మరణింపగా, తమ్ముడు లక్ష్మయ్య దానిని సాగించెను. మెకంజీ 1821లో మరణించెను. కాగితములు చెడిపోవుచుండుట చూచి, తరువాత సి. పి. బ్రౌను వానికి నకళ్లు వ్రాయించెను.

చిక్కంతయు ఇచ్చటనే కలదు. కవిలె నుండి కైఫియత్తు, దాని నుండి బ్రౌను నకలు, దాని నుండి నేటి అచ్చు పుస్తకము. ప్రతి మెట్టునను ఒక మనిషి చేయి. తెలుగు అంకెలలో ౨ను ౩గా చదువుటకు ఒక వంపు చాలును. రెండు వరహాల మాన్యము మూడు వరహాలగును! తప్పు ఏ మెట్టున పడినదో తెలియవలెనన్న వెనుకటి మెట్టు కావలెను. కవిలెలలో చాలభాగము నశించినది.

బ్రౌనుకు ఈ బాధ క్రొత్తది కాదు. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన అతడు, తరువాత అచ్చట బంగళా కొని, సొంత ఖర్చుతో పండితులను నియమించెను. వేమన పద్యముల ప్రతులు ఒకదానితో నొకటి పొసగవు. వానిని ప్రక్కప్రక్కన పెట్టి పోల్చి, సరిచేసిన పాఠమును 1829లో ప్రకటించెను. కరణము మూలము నుండి నకళ్లకు పోయినాడు. బ్రౌను నకళ్ల నుండి మూలమునకు వెనుదిరిగినాడు.

కంప్యూటరు పుస్తకములు వ్రాయువారికి ఎదురైనదియు కరణపు సమస్యయే. ప్రోగ్రాము తరచు మారును. దానిని వివరించు అచ్చు పుస్తకము వేరు, తెరపై కనబడు పాఠము వేరు. ఒకటి దిద్దిన వేరొకటి మరచిపోవుదురు. 1969లో ఐ.బి.యమ్. సంస్థలో గోల్డ్‌ఫార్బ్, మోషర్, లోరీ అను మువ్వురు ఒక ఉపాయము కనిపెట్టిరి. పాఠములో “ఇచ్చట పెద్ద అక్షరములు” అని వ్రాయక, “ఇది శీర్షిక”, “ఇది పేరా” అని గురుతులు పెట్టవలెను. శీర్షిక ఎట్లు కనబడవలెనో వేరొక ప్రోగ్రాము చూచుకొనును. ఈ పద్ధతినుండి పెరిగిన గురుతుల భాష 1986లో అంతర్జాతీయ ప్రమాణమయ్యెను. ఆ దశాబ్దమందే రిచర్డ్ స్టాల్‌మన్ రూపొందించిన టెక్స్‌ఇన్ఫోలో ఒకే మూలము నుండి అచ్చు పుస్తకమును, తెర పాఠమును తయారగును. డోనాల్డ్ నూత్ మరొక అడుగు ముందుకు వేసి, ప్రోగ్రామును దాని వివరణను ఒకే మూలములో కలిపి వ్రాసెను.

మూలము మారినచో నకళ్లన్నియు యంత్రమే మరల కట్టును. అంతకంటె విలువైనది, కవిలెకు లేనిది, మరియొకటి కలదు. 1972లో బెల్ ప్రయోగశాలలలో మార్క్ రాచ్‌కిండ్ మొదలిడిన పద్ధతిలో, మూలమందు జరిగిన ప్రతి మార్పును కంప్యూటరు భద్రపరచును. ఎవరు మార్చిరో, ఎప్పుడో కూడ వ్రాసియుంచును. వెనుకటి మెట్టు పోదు.

అయినను మూలములోనే తప్పున్నచో అన్ని నకళ్లును ఒకే తీరున, చక్కగా తప్పుగా వెలువడును. వేమన పద్యములను పోల్చి దిద్దుటకు వీలైనది, ప్రతులు వేర్వేరు చేతుల మీదుగా వచ్చినందుననే.

కడప జిల్లా కైఫియత్తులు కట్టా నరసింహులు సంపాదకత్వమున, కడపలోని బ్రౌను భాషా పరిశోధన కేంద్రము ద్వారా అచ్చయినవి. వానిలో ఒక పేరో, ఒక సంవత్సరమో అనుమానము కలిగించినపుడు, కవిలె దొరకని పరిశోధకుడు ఆ ఊరి గుడికి పోయి శిలాశాసనము కొరకు వెదకును.