సీసా ధర పదకొండుంపావు

2018 ఏప్రిల్ 30, సోమవారం. గ్లాస్గోలో రాత్రి పది దాటింది. స్కాట్లండ్‌లో ఆ వేళ దాటాక ఏ దుకాణమూ సీసా అమ్మకూడదు. మళ్ళీ పొద్దున పదికే. ఈ పన్నెండు గంటల్లో ఒక పని పూర్తి కావాలి.

ఒక సూపర్‌మార్కెట్‌లో మద్యం అరల ముందు ఓ కుర్రాడు గొంతుక్కూర్చుని ధర చీటీలు మారుస్తున్నాడనుకోండి. పేరెందుకు, ఆ రాత్రి అలాంటివాళ్ళు దేశమంతా ఉన్నారు. పై అరలో ఖరీదైన విస్కీల జోలికి అతను పోలేదు. చెయ్యి సరాసరి అట్టడుగు అరకే వెళ్ళింది. అక్కడున్నవి మూడు లీటర్ల ప్లాస్టిక్ సీసాలు. సైడర్. ఆపిల్ రసం పులియబెట్టిన సరుకు, ఏడున్నర శాతం ఆల్కహాల్. నిన్నటిదాకా నాలుగైదు పౌండ్లకు దొరికేది. కొత్త చీటీ మీద 11 పౌండ్ల 25 పెన్స్.

అక్కడ పది మిల్లీలీటర్ల అచ్చమైన ఆల్కహాల్‌ని ఒక యూనిట్ అంటారు. ఆ సీసాలో ఇరవై రెండున్నర యూనిట్లు. యూనిట్‌ని 50 పెన్స్‌కు తక్కువ అమ్మకూడదన్నది తెల్లవారితే అమల్లోకొచ్చే చట్టం. వారానికి 14 యూనిట్లు మించొద్దని బ్రిటన్ వైద్యాధికారుల సలహా. అంటే ఆ సీసా వారంన్నర పైచిలుకు కోటా. కొందరికది ఒక్కరోజు సరుకు. చట్టం కన్ను పడింది ఆ కొందరి మీదే.

ఆ చీటీ అతికించడానికి పదకొండేళ్ళు పట్టింది.

ఎవెలిన్ గిలన్ అని ఒకావిడ. 1992లో ఎడిన్‌బరో గోడల మీద ఆడవాళ్ళపై హింసను నిలదీస్తూ నలుపు తెలుపు పోస్టర్లు వెలిశాయి. ‘జీరో టాలరెన్స్’ అనే ఆ ఉద్యమాన్ని మొదలుపెట్టినవాళ్ళలో ఆవిడ ఒకరు. అదే ఏడాది మన నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. కాకతాళీయమే, కాదనను. కానీ రెండుచోట్లా ఆడవాళ్ళు గడప దాటి మాట్లాడింది ఇంట్లో పడే దెబ్బల గురించే. తర్వాత దారులు వేరయ్యాయి. ఇక్కడ 1993లో సారా ఆగింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, రెండేళ్ళకే సడలిపోయింది. అక్కడ నిషేధం ఊసెత్తలేదు. ధర అడుగున ఒక గీత గీయాలన్నారు.

మద్యం తెచ్చే జబ్బుల మీద పోరాడటానికి స్కాట్లండ్ రాయల్ వైద్య కళాశాలలు 2006లో ఒక సంస్థ పెట్టాయి. దాన్ని నడిపే పని గిలన్ చేతికి వచ్చింది. మరుసటి ఏడాది ఆ సంస్థ నివేదిక కనీస ధర పెట్టమంది. ప్రభుత్వానికి నచ్చింది. 2010 మే నెలలో జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సభ హానికరమైన తాగుడు తగ్గించే వ్యూహాన్ని ఆమోదించింది. కనీస ధర అందులో ఒక మార్గం. అదే ఏడాది నవంబరులో ఎడిన్‌బరో పార్లమెంటులో ఆ మాట వీగిపోయింది. ప్రభుత్వానికి సొంత మెజారిటీ లేదు మరి. 2011 ఎన్నికల్లో మెజారిటీ వచ్చింది. 2012 మేలో ఆరోగ్య మంత్రి నికోలా స్టర్జన్ బిల్లు 86 ఓట్లతో నెగ్గింది. వ్యతిరేకంగా పడింది ఒక్క ఓటు.

ఇక అయిపోయిందనుకున్నారు. స్కాచ్ విస్కీ కంపెనీల సంఘం కోర్టు మెట్లెక్కింది. విచిత్రమేమిటంటే పై అర సీసాలు ఈ గీతకు ఎప్పుడో పైనున్నాయి. మామూలు విస్కీ సీసాకి కొత్త చట్టం అడిగేది 14 పౌండ్లు. అయినా ఐదేళ్ళు లాగారు. పన్ను పెంచితే సరిపోదా, ధరలో వేలు పెట్టడమెందుకు అన్నది వాళ్ళ వాదన. ఎడిన్‌బరో నుంచి లక్సెంబర్గ్, అక్కణ్ణుంచి మళ్ళీ ఎడిన్‌బరో, ఆ తర్వాత లండన్. కేసు ఇంకా లక్సెంబర్గ్‌లో ఉండగానే 2015లో గిలన్ కన్నుమూశారు.

2017 నవంబరు 15న లండన్ సుప్రీంకోర్టులో ఏడుగురు న్యాయమూర్తులదీ ఒకటే మాట. పన్ను అన్ని సీసాల మీదా పడుతుంది, కనీస ధర చవగ్గా దొరికే ఘాటు సరుకు మీదే పడుతుంది, కాబట్టి చట్టం చెల్లుతుంది. తీర్పు రాసింది లార్డ్ మాన్స్.

ఫలితం? మొదటి రెండున్నరేళ్ళ పైచిలుకు లెక్కలు తీస్తే, కేవలం మద్యం వల్లే జరిగే చావులు, చట్టం లేకుంటే ఉండేవాటికన్నా 13.4 శాతం తగ్గాయని 2023లో తేలింది. ఏడాదికి నూటయాభై పైగా ప్రాణాలు. వాళ్ళెవరో చెప్పమంటే చెప్పలేం. చనిపోయినవాళ్ళకి రిజిస్టరుంటుంది, బతికిపోయినవాళ్ళకి ఉండదు. ఏ ఆదివారం పొద్దునో పిల్లాడి ఫుట్‌బాల్ ఆట చూస్తున్న తండ్రిని, ఆ పదకొండుంపావు వల్లే ఇక్కడ నిలబడ్డావని ఎవరు గుర్తుపట్టగలరు?

అన్నీ శుభవార్తలే కావు. వ్యసనంలో కూరుకుపోయినవాళ్ళు కొందరు తిండి తగ్గించుకుని మరీ సీసా కొన్నారు. పెరిగిన సొమ్ము ఖజానాకి కాక దుకాణాల గల్లాపెట్టెలోకి పోయింది. నాకిది ఇప్పటికీ మింగుడుపడదు. కరోనా తర్వాత చావులు మళ్ళీ పెరిగాయి, 2023లో 1,277. ఇంత చేసినా ఇదేనా అన్నవాళ్ళున్నారు. చట్టం లేకుంటే ఆ అంకె ఎంతుండేదో అని వైద్యులు అడిగారు.

యాభై పెన్స్ విలువ ధరల పెరుగుదలలో కరిగిపోయింది. 2024 సెప్టెంబరు 30న కనీస ధర 65 పెన్స్ అయింది. ఆ ముందురాత్రి పది దాటాక మళ్ళీ ఎవరో కుర్రాడు అరల ముందు కూర్చుని ఉంటాడు. మూడు లీటర్ల సీసా ఇంకా అట్టడుగున మిగిలి ఉంటే, దాని కింద అతను అతికించాల్సిన చీటీ 14 పౌండ్ల 63 పెన్స్.